మీకు తెలుసా? ఇంటికొచ్చిన ఆఫీసు

ఆరు పౌండ్లు, ఒక టెలిఫోను

ఇంటి నుంచి పని అనగానే మనకు 2020 మార్చి, లాక్‌డౌన్, డైనింగ్ టేబుల్ మీద తెరిచిన ల్యాప్‌టాప్ గుర్తొస్తాయి. అయితే ఉద్యోగులంతా ఎవరింట్లో వాళ్లు కూర్చుని సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీ ఒకటి 1962లోనే ఇంగ్లండులో ఉంది. దాన్ని పెట్టిన స్టెఫనీ షెర్లీ, నాజీల బారి నుంచి పిల్లల్ని తప్పించిన రైలులో ఐదేళ్ల వయసులో వియన్నా నుంచి లండన్ చేరిన శరణార్థి. చేతిలో ఉన్న పెట్టుబడి ఆరు పౌండ్లు. పెళ్లయ్యాకో, పిల్లలు పుట్టాకో ఉద్యోగం మానేయాల్సి వచ్చిన మహిళా ప్రోగ్రామర్లను వెతికి మరీ పనిలో పెట్టుకున్నారావిడ. వాళ్లు ఇంట్లో కాగితం మీద ప్రోగ్రాం రాసి పోస్టులో పంపేవారు. కంప్యూటర్ కేంద్రంలో దాన్ని పంచ్ కార్డుల మీదికి, టేపుల మీదికి ఎక్కించేవారు. మొదటి 300 మంది ఉద్యోగుల్లో మగవాళ్లు ముగ్గురే. కాంకార్డ్ విమానం బ్లాక్ బాక్స్ ప్రోగ్రామింగ్ చేసింది వీళ్లే.

స్టెఫనీ పేరుతో ఉత్తరాలు రాస్తే కంపెనీలు బదులివ్వలేదు. భర్త సలహాతో 'స్టీవ్' అని సంతకం పెట్టడం మొదలుపెట్టాక జవాబులొచ్చాయి. క్లయింటుతో ఫోన్లో మాట్లాడేటప్పుడు ఇంట్లో పసివాడి గొడవ వినిపించకుండా, టైపు మిషన్ల చప్పుడు టేపు మీద రికార్డు చేసి వెనకాల వేసేవారు. కంపెనీ షేర్ మార్కెట్‌కు వెళ్లేనాటికి వాటాలున్న ఉద్యోగుల్లో 70 మంది మిలియనీర్లయ్యారు. ఆవిడ 2025 ఆగస్టులో 91 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఇంటి నుంచి పని చరిత్రలో ముందుగా తలుచుకోవాల్సిన పేరు ఆవిడదేనని నా నమ్మకం. ఆమె ఇంటి నుంచి పనిని సౌకర్యంగా చూడలేదు. బయటికి నెట్టేసిన వాళ్లను మళ్లీ పనిలోకి తెచ్చే దారిగా చూశారు.

ఇల్లు కాదు, ఇంటికి దగ్గర

దూరం నుంచి పనిచేయడానికి 'టెలికమ్యూటింగ్' అని 1973లో పేరుపెట్టిన జాక్ నిల్లెస్ అంతరిక్ష రంగంలో పనిచేసిన ఇంజినీరు, లాస్ ఏంజెలెస్ వాసి. ఆయన చూసిన సమస్య ట్రాఫిక్. ఊరంతా పొద్దున ఒకవైపు, సాయంత్రం ఇంకోవైపు కదలడం ఎందుకు, పనినే మనుషుల దగ్గరికి పంపవచ్చు కదా అన్నది ఆయన వాదన. ఆయన మొదట పరీక్షించింది మాత్రం ఇంటిని కాదు, పేటపేటకూ ఒక చిన్న ఆఫీసును. ఉద్యోగి తనకు దగ్గరున్న చోటికి వెళ్తాడు, సమాచారం తీగల మీద వెళ్తుంది.

2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు మహిళల కోసం ఇంటి నుంచి పనిని పెద్దయెత్తున ప్రోత్సహిస్తామన్నారు. పట్టణాల్లో, మండలాల్లో ఐటీ ఆఫీసు స్థలాలు కట్టేవారికి ప్రోత్సాహకాలిస్తామని కూడా అదే సందర్భంలో చెప్పారు. నిల్లెస్ ఆలోచనకు ఇది దగ్గరి చుట్టం. ఇంట్లో విడిగా గది లేనివాళ్లకు ఇది అసలైన మేలు చేయగలదు. ఎలాగో కింద చూద్దాం.

మిగిలిన 99 నిమిషాలు

ఇంటి నుంచి పనిచేస్తే రాకపోకల్లో రోజుకు ఎంత సమయం మిగులుతుంది? 27 దేశాల్లో చేసిన సర్వేలో సగటు 72 నిమిషాలు వచ్చింది. భారత్‌లో 99. మియాపూర్ నుంచి గచ్చిబౌలికి, దిల్‌సుఖ్‌నగర్ నుంచి మాదాపూర్‌కి రోజూ తిరిగేవాళ్లకు ఈ అంకెలో వింతేమీ కనిపించదు. మిగిలిన సమయం ఎటు పోయిందన్నదే చూడాల్సిన విషయం. ఆ దేశాలన్నిటి సగటు తీస్తే అందులో 40 శాతం మళ్లీ ఉద్యోగానికే వెళ్లింది. విశ్రాంతికి, వినోదానికి 34 శాతం. పిల్లల్ని, పెద్దల్ని చూసుకోవడానికి 11 శాతం. రాకపోకల్లో మిగిలిన సమయంలో అన్నిటికంటే పెద్ద వాటా సంస్థకే దక్కిందన్నమాట.

షాంఘైలో లెక్క, చెన్నైలో లెక్క

ఈ విషయంలో అందరూ ఎత్తిచూపే ప్రయోగం చైనాలోని సీట్రిప్ ప్రయాణాల కంపెనీలో జరిగింది. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు 2010 చివరి నుంచి 2011 దాకా తొమ్మిది నెలలు దీన్ని నడిపారు. షాంఘై కాల్ సెంటర్లో ఇష్టపడి ముందుకొచ్చిన వారిలో, సరి సంఖ్య తేదీన పుట్టినవారిని వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచి పని చేయమన్నారు. బేసి తేదీ వారు ఆఫీసులోనే ఉన్నారు. ఇంటి నుంచి చేసిన వారి పని 13 శాతం పెరిగింది. అందులో 9 శాతం ఎక్కువసేపు పనిచేయడం వల్ల వచ్చింది, అంటే విరామాలు, సిక్ లీవులు తగ్గాయి. మిగతా 4 శాతం నిమిషానికి ఎక్కువ కాల్స్ తీసుకోవడం వల్ల. ఉద్యోగం వదిలి వెళ్లేవాళ్ల సంఖ్య సగానికి సగం పడిపోయింది.

ఇక్కడిదాకా చాలామందికి తెలుసు. దాని తర్వాతి సంగతులు మూడున్నాయి. మొదటిది, ఆ ప్రయోగంలో చేరాలంటే ఇంట్లో సొంత గది, బ్రాడ్‌బ్యాండ్ ఉండాలి. రెండోది, ఇంటి నుంచి చేసినవాళ్లు అంతే బాగా చేసినా వాళ్లకు ప్రమోషన్లు తక్కువ వచ్చాయి. కంటికి కనిపించని ఉద్యోగి అప్రైజల్‌లో వెనకబడతాడన్న అనుమానానికి ఇది రుజువు. మూడోది, ప్రయోగం ముగిశాక ఇల్లా, ఆఫీసా మీరే ఎంచుకోండి అంటే సగానికి పైగా జనం తమ పాత నిర్ణయం మార్చుకున్నారు. ఆఫీసుకు తిరిగొచ్చిన వాళ్లు ఎక్కువగా చెప్పిన కారణం ఒంటరితనం. అలా ఎవరికి నప్పిన చోటికి వాళ్లు సర్దుకున్నాక లాభం 22 శాతానికి చేరింది.

ఇప్పుడు చెన్నైకి వద్దాం. డేవిడ్ ఆట్కిన్, ఆంటోనెట్ షోర్, సుమిత్ శిండే అనే ఆర్థికవేత్తలు డేటా ఎంట్రీ ఉద్యోగులను ఇంటికీ ఆఫీసుకూ లాటరీ పద్ధతిలో పంచి చూశారు. ఇంటి నుంచి చేసిన వాళ్ల పని ఆఫీసు వాళ్ల కంటే 18 శాతం తక్కువ. ఈ తేడాలో మూడింట రెండు వంతులు మొదటి రోజే కనిపించింది. మిగతాది, ఆఫీసులో ఉన్నవాళ్లు త్వరగా నేర్చుకోవడం వల్ల. షాంఘైలో ఎంపిక ఇస్తే పని మెరుగైంది. చెన్నైలో మాత్రం ఇంటి నుంచే చేస్తామని కోరుకున్నవాళ్లకే ఇంట్లో ఎక్కువ నష్టం జరిగింది. వాళ్లకు 27 శాతం పడిపోతే, ఆఫీసు కావాలన్నవాళ్లకు 13 శాతమే పడిపోయింది.

ఎందుకలా? పిల్లలున్నవాళ్లు, ఇంట్లో ముసలివాళ్లను చూసుకోవాల్సినవాళ్లు, పేద కుటుంబాలవాళ్లు. ఇంటి నుంచి పని కావాలన్నా అక్కడ పని సాగక ఎక్కువగా ఇబ్బంది పడింది వీళ్లే. ఇంటి నుంచి చేయడం వాళ్లకు నచ్చి కాదు, గడప దాటే వీలు లేక. వంటా, పసిపిల్లా, అత్తగారి మందులూ, మధ్యలో కీబోర్డు. ఆ 27 శాతం నాకు బద్ధకం లెక్కలా కనిపించదు, మోస్తున్న బరువు లెక్కలా కనిపిస్తుంది. ఇంటి నుంచి పనివల్ల లాభమా నష్టమా అని అడిగేముందు, ఆ ఇంట్లో తలుపు వేసుకోగల గది ఉందా, పిల్లను ఎత్తుకునే మరో మనిషి ఉన్నారా అని అడగాలి. చాలా సంస్థలు ఈ ప్రశ్న అడగవు.

కొత్తగా చేరినవాళ్లకు పడే దెబ్బ

ఒక పెద్ద అమెరికన్ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల మీద నటాలియా ఇమాన్యుయెల్, ఎమ్మా హారింగ్టన్, అమాండా పల్లెయిస్ చేసిన పరిశోధన ఉంది. టీమంతా ఒకే భవనంలో కూర్చున్నప్పుడు, ఒకరి కోడ్ మీద ఇంకొకరు రాసే వ్యాఖ్యలు ఐదో వంతు దాకా ఎక్కువ. దానివల్ల అందరికంటే లాభపడింది కొత్తగా చేరినవాళ్లు, అందులోనూ అమ్మాయిలు. నష్టం కూడా ఉంది. జూనియర్లకు చెబుతూ కూర్చున్న సీనియర్లు రాసే కోడ్ తగ్గింది.

2020లో, 2021లో క్యాంపస్ నుంచి నేరుగా ల్యాప్‌టాప్ ముందుకొచ్చిన మన పిల్లలు ఎంతమందో. టీమ్ లీడర్ ముఖం నేరుగా చూడకుండానే మొదటి ప్రాజెక్టు ముగించినవాళ్లున్నారు. పక్క కుర్చీలో ఉన్న అన్నను 'ఒకసారి ఇది చూడరా' అని పిలవడం వేరు, అదే ప్రశ్నను టైపు చేసి పంపి జవాబు కోసం చూడటం వేరు. రెండోది చేయడానికి మొహమాటపడి అడగడమే మానేస్తారు. పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు ఇంట్లో హాయిగా ఉండగలుగుతున్నారంటే, వాళ్లు పని నేర్చుకున్నది ఒకప్పుడు ఆఫీసులో, ఎవరో పక్కన కూర్చుని చెబితే కదా.

మైక్రోసాఫ్ట్ 2020 మొదటి ఆరు నెలల్లో తన 61,182 మంది అమెరికా ఉద్యోగుల సమాచారం పరిశీలిస్తే, అందరూ ఇంటి నుంచి పనికి మారాక వేరే బృందాల వాళ్లతో కలిసి పనిచేసే సమయం దాదాపు నాలుగో వంతు తగ్గిందని తేలింది. ఎవరి గూట్లో వాళ్లు ఉండిపోయారు.

మధ్యేమార్గం

పైన చెప్పిన సీట్రిప్‌లోనే (ఇప్పుడు దాని పేరు ట్రిప్ డాట్ కామ్) 2021-22లో 1,612 మందితో మరో ప్రయోగం జరిగింది. ఈసారి వారానికి రెండు రోజులు ఇల్లు, మూడు రోజులు ఆఫీసు. పనిలోగానీ, ప్రమోషన్లలోగానీ తేడా రాలేదు. ఉద్యోగం వదిలేవాళ్లు మాత్రం మూడో వంతు తగ్గారు. మొదట్లో దీనివల్ల పని పడిపోతుందని భావించిన మేనేజర్లు, ప్రయోగం అయ్యాక కొద్దిగా పెరుగుతుందని అభిప్రాయం మార్చుకున్నారు.

వీడియో కాల్ అలసట

వీడియో మీటింగులు అంతగా ఎందుకు అలిసిపోయేలా చేస్తాయి? స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జెరెమీ బైలెన్సన్ 2021లో నాలుగు కారణాలు చెప్పారు. ఎదుటివారి ముఖాలు మరీ దగ్గరగా కనిపించడం, గంటల తరబడి మన ముఖం మనకే కనిపిస్తూ ఉండటం, కుర్చీలోంచి కదల్లేకపోవడం, మామూలు తలాడింపును కూడా పెద్దగా చేసి చూపించాల్సి రావడం. బాగా అలిసిపోతున్నామని ఆడవాళ్లలో ఏడుగురిలో ఒకరు చెబితే, మగవాళ్లలో ఇరవైమందిలో ఒకరు చెప్పారు. తెర మీద మన ముఖం కనిపించకుండా చేసే మీట ఉంటుంది. ముందు అది నొక్కండి.

మన దేశంలో నిబంధనలు, మన ఊళ్లో కుర్చీలు

2020కి ముందు మన దేశంలో కాల్ సెంటర్ ఉద్యోగి ఇంటి నుంచి పనిచేయాలంటే టెలికాం శాఖ నిబంధనలు అడ్డొచ్చేవి. కంపెనీ రిజిస్ట్రేషన్, బ్యాంకు గ్యారంటీ, ప్రత్యేక నెట్‌వర్క్ ఏర్పాట్లు కావాలి. 2020 మార్చిలో వీటిని తాత్కాలికంగా సడలించారు, నవంబరులో చాలావరకు ఎత్తేశారు. అదే ఏడాది టీసీఎస్, 2025 నాటికి తమ ఉద్యోగుల్లో నాలుగో వంతు మంది ఆఫీసుకు వస్తే చాలని ప్రకటించింది. 2023 అక్టోబరుకల్లా వారానికి ఐదు రోజులూ రావాలంది. ఐబీఎం కథా ఇలాంటిదే. 1979లో ఐదుగురిని ఇంటి నుంచి పనిచేయించి చూసింది, 2009 నాటికి 40 శాతం ఉద్యోగులకు ఆఫీసు కుర్చీ లేకుండా నడిపింది, 2017లో చాలామందిని వెనక్కి పిలిచింది.

ఇలా పిలిచినప్పుడూ పంపినప్పుడూ లెక్కల్లోకి రానివాళ్లు కొందరున్నారు. హైటెక్ సిటీ చుట్టూ టిఫిన్ బండ్లు, పీజీ హాస్టళ్లు, క్యాబ్ డ్రైవర్లు, ఆఫీసు క్యాంటీన్లలో వడ్డించేవాళ్లు, హౌస్ కీపింగ్ అక్కలు. వాళ్ల పని ల్యాప్‌టాప్‌లో పట్టేది కాదు. 2020లో ఐటీ ఉద్యోగి జీతం ఇంటికే వచ్చింది, వీళ్ల జీతం ఆఫీసు తలుపుతోపాటే మూతపడింది. సంస్థ మీద ప్రభావం అని రాసేటప్పుడు వీళ్లను కూడా సంస్థలో భాగంగానే లెక్కించాలి. వాళ్లు ఏజెన్సీ జీతగాళ్లు కావచ్చు, రోజూ ఆ ఆఫీసు నడిచింది వాళ్ల చేతుల మీదే.

రాత్రి పది గంటలకు

ఫ్రాన్సులో 2017 జనవరి 1 నుంచి, 50 మందికి మించి ఉద్యోగులున్న కంపెనీలు పనివేళల తర్వాత ఈమెయిళ్ల విషయంలో ఉద్యోగులతో చర్చలు జరపాలి. పనివేళల తర్వాత సంస్థ ఫోన్లకు, ఈమెయిళ్లకు జవాబివ్వకుండా ఉండే హక్కు ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టులో వచ్చింది. మన పార్లమెంటులో ఎంపీ సుప్రియా సూలే ఇలాంటి హక్కు కోసం ప్రైవేటు సభ్యుల బిల్లు ప్రవేశపెట్టినా అది చట్టం కాలేదు. అమెరికా క్లయింటుకు తెల్లవారేసరికి మనకు సాయంత్రమవుతుంది. హైదరాబాదులోనైనా, అమలాపురంలో అమ్మానాన్నల దగ్గరున్నా, తెలుగు ఐటీ ఉద్యోగి అన్నం తినే వేళకు కాల్ మోగేది అందుకే. ఇలాంటి చట్టం అందరికంటే ఎక్కువ అవసరం ఉన్న దేశం మనదే.

ప్రసూతి సెలవు తర్వాత

2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు సెలవు 26 వారాలకు పెరిగిన సంగతి చాలామందికి తెలుసు. అదే సవరణలో ఇంకో మాట ఉంది. పని స్వభావం అనుమతిస్తే, సెలవు ముగిశాక తల్లి ఇంటి నుంచి పనిచేయడానికి యజమాని అంగీకరించవచ్చు. ఎంతకాలం, ఏ షరతుల మీద అన్నది ఇద్దరూ మాట్లాడుకుని తేల్చుకోవాలి. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనూ ఈ వెసులుబాటు ఉంది. 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నదీ ఆ 2017 సవరణే. ఉద్యోగంలో చేరేటప్పుడే ఈ ప్రయోజనాలన్నిటినీ మహిళలకు రాతపూర్వకంగా తెలియజేయాలని కూడా అది సంస్థలను ఆదేశించింది. చేరిన రోజు మీకిచ్చిన కాగితాల్లో ఆ పేజీ ఉందేమో చూడండి. లేకపోతే హెచ్‌ఆర్‌ను అడగండి.