పచ్చని కొండల్లో... ఓ గది ఇల్లు!

మున్నార్ చూసొచ్చిన వాళ్ల ఫొటోల్లో ఒకటి తప్పకుండా ఉంటుంది. నడుమెత్తు తేయాకు పొదల మధ్య నవ్వుతూ కొత్త దంపతులు. వెనక కొండవాలు మీద చిన్న చిన్న చుక్కల్లా కొందరు ఆడవాళ్లు. పచ్చటి తివాచీని ప్రకృతే పరిచిందేమో అనిపిస్తుంది. కానీ అది నూట నలభై ఏళ్లకు పైగా మనుషులు కత్తిరించి, చదును చేసి నిలబెట్టిన పచ్చదనం. అసలు తేయాకు పొద కాదు, చెట్టు. దాని మానాన వదిలేస్తే ఇంటికప్పు దాటి పెరుగుతుంది. ఆకు చేతికి అందాలని కొమ్మలు కొట్టేస్తూ పొదగా ఉంచుతారు.

తేయాకు కన్నా ముందు...

1877లో జాన్ డేనియల్ మన్రో అనే బ్రిటిష్ దొర ఈ కన్నన్ దేవన్ కొండలను పూంజార్ రాజవంశం నుంచి లీజుకు తీసుకున్నాడు. ఏడాదికి 3,000 రూపాయలు! దానికి బదులుగా దక్కింది లక్షా ముప్ఫై ఏడు వేల ఎకరాల అడవి, గడ్డి కొండలు. దొరలు మొదట కాఫీ వేశారు. మలేరియా మందు కోసం సింకోనా వేశారు. ఏలకులూ వేసి చూశారు. 1880లో ఎ.హెచ్.షార్ప్ అనే ఆయన పార్వతి ఎస్టేట్‌లో యాభై ఎకరాల్లో తేయాకు నాటాడు. చివరికి ఈ చలికీ వానకీ నప్పింది అదే. 1897లో కన్నన్ దేవన్ హిల్స్ ప్రొడ్యూస్ కంపెనీ ఏర్పడేనాటికి కొండల రూపురేఖలు మారిపోవడం మొదలైంది.

పండించడం ఒక ఎత్తు, కిందికి దించడం ఇంకో ఎత్తు. 1902లో ఎద్దులు లాగే ఒంటి పట్టాల బండి వచ్చింది. 1908లో దాని స్థానంలో చిన్న రైలు. అది టీ పెట్టెలను టాప్ స్టేషన్ దాకా మోసేది. అక్కడి నుంచి రోప్‌వే మీద తమిళ సీమలోకి దింపేవారు. 1924 జులైలో కుండపోత వానలకు కొండలు విరిగిపడ్డాయి, రైలుమార్గం కొట్టుకుపోయింది. మలయాళ పంచాంగం ప్రకారం అది 1099వ సంవత్సరం. అందుకే కేరళలో పెద్దవాళ్లు ఇప్పటికీ ‘తొంభై తొమ్మిది వరద’ అంటారు. రైలును మళ్లీ వేయలేదు. నేటికీ మున్నార్‌కు రోడ్డు మీదే వెళ్లాలి.

రెండాకులూ ఓ మొగ్గ

పొద్దున్నే మంచులో మొదలవుతుంది పని. నడుముకు ప్లాస్టిక్ పట్టా, కాళ్లకు బూట్లు, వీపున సంచి. వానాకాలంలో జలగలు మామూలే. మంచి టీకి కావలసింది కొసన ఉండే రెండు లేతాకులూ, వాటి మధ్య మొగ్గ. ఒకప్పుడు అంతా వేళ్లతోనే గిల్లేవారు, తర్వాత కత్తెరలొచ్చాయి. కోసిన ఆకు అదే రోజు ఫ్యాక్టరీ చేరాలి, లేకపోతే పాడవుతుంది. అక్కడ గాలికి వాడబెట్టి, పళ్ల రోలర్ల మధ్య నలిపి, చింపి, చిన్న గుళికల్లా చేస్తారు. 1930లలో అస్సాంలో పుట్టిన ఈ పద్ధతినే సీటీసీ అంటారు. తర్వాత గాలి తగిలి పచ్చని ఆకు రాగి రంగుకు తిరుగుతుంది, వేడికి ఎండి నల్లబడుతుంది. మన ఇళ్లలో పాలల్లో మరిగేది ఎక్కువగా ఇలాంటి టీయే. ‘డస్ట్’ అన్నారు కదా అని దుమ్మూ ధూళీ అనుకోకండి. జల్లెడలో అన్నిటికన్నా కిందికి దిగే సన్నరకం అది. రంగూ చిక్కదనమూ త్వరగా ఇస్తుంది.

కిలో టీపొడికి నాలుగైదు కిలోల పచ్చి ఆకు కావాలి. 2015లో మున్నార్ కూలీ రోజుకు కనీసం 21 కిలోలు కోయాల్సి ఉండేది. అంటే సుమారు నాలుగున్నర కిలోల టీపొడి. కప్పుకు రెండు గ్రాములు వేసుకున్నా రెండు వేల పైచిలుకు కప్పులు. అందుకు ఆమెకు దక్కిన రోజుకూలి 232 రూపాయలు!

లయం అంటే...

వీళ్లు స్థానికులు కారు. తిరునెల్వేలి, మదురై వైపు నుంచి కంగాణీలనే మేస్త్రీలు తీసుకొచ్చిన దళిత కుటుంబాల మనవలూ మునిమనవలూ. కేరళలో తరాలుగా ఉంటున్నా ఇంట్లో తమిళమే. ఇళ్లను ‘లయం’ అంటారు. వరసగా కట్టిన చిన్న ఇళ్లు. చాలావాటిలో ఓ గది, ఓ వంటిల్లు, అంతే. ఉద్యోగం ఉన్నన్నాళ్లే ఇల్లు. రిటైరైతే ఖాళీ చేయాలి. అందుకని ఇంట్లో ఒకరైనా తోటలోనే పనికి కుదరాలి. చదువుకున్న పిల్లలు కోయంబత్తూరుకో, కొచ్చికో వెళ్లిపోతే అమ్మానాన్నల గూటి సంగతేమిటి? మున్నార్‌లో ఆ ప్రశ్న ఇంటింటా ఉంది.

1983లో తోటలు టాటా టీ చేతికొచ్చాయి. 2005లో టాటా తప్పుకోవాలనుకున్నప్పుడు కొత్త కంపెనీ పుట్టింది. ఉద్యోగులూ కూలీలూ అందులో వాటాదారులయ్యారు. దేశంలో అరుదైన ఏర్పాటే. కానీ వాటా కాగితం వేరు, చేతికొచ్చే కూలి వేరు. 2015 సెప్టెంబరులో బోనస్ 20 శాతం నుంచి 10కి తగ్గిందనగానే వేలమంది ఆడవాళ్లు మున్నార్ రోడ్ల మీద కూర్చున్నారు. మగ నాయకులు నడిపే యూనియన్లను దగ్గరికి రానివ్వలేదు. ‘పెంబిళై ఒరుమై’ అని పేరు పెట్టుకున్నారు. ఆడవాళ్ల ఐక్యత అని అర్థం. తొమ్మిది రోజులకు 20 శాతం సాధించారు. ఆ తర్వాత కూలి 301కి పెరిగింది, అడిగిన 500 మాత్రం రాలేదు.

2020 ఆగస్టు 6 రాత్రి. ఎడతెగని వాన. రాజమల దాటాక ఉండే పెట్టిముడిలో కొండచరియ విరిగి నాలుగు వరసల లయాల మీద పడింది. కరెంటు, ఫోన్లు లేక సంగతి బయటికి తెలిసేసరికి తెల్లారింది. 70 మంది పోయారు. నలుగురి శవాలు దొరకనేలేదు. దొరికిన వాళ్లను రాజమల దగ్గర ఒకేచోట పూడ్చారు. కొండమేకల్ని చూడటానికి పర్యాటకులు వెళ్లేది ఆ రాజమలకే. ఏటా ఆగస్టులో పూలతో వచ్చే బంధువుల్లో చాలామంది ఇప్పటికీ తోటల్లో ఆకు కోస్తున్నారు.