ఒక్క గదికి ఏసీ: కొనేముందు అది ఎవరి గదో చూడండి



మార్చి నెల సగం గడిచేసరికి మా ఓ.పి. దగ్గర ఒక ప్రశ్న మొదలవుతుంది. "సిస్టరమ్మా, ఇంట్లో పెద్దవాళ్ళున్నారు, ఒక ఏసీ పెట్టించమంటారా? ఎంతది తీసుకోవాలి?" మేము ఏసీలు అమ్మేవాళ్ళము కాము, మెకానిక్కులమూ కాము. అయితే ఎండదెబ్బ తగిలినవారిని మంచము మీద పడుకోబెట్టి తడిబట్టలతో తుడిచేది మేమే. కాబట్టి గదిని గురించి, అందులో పడుకునే మనిషిని గురించి మాకు తెలిసిన నాలుగు మాటలు ఈ నెల చెప్పుకుందాము.

మన నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములో ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీలు మామూలే. కొన్ని రోజులు 45 దరిదాపులకు పోతుంది. 2015 మే నెలలో వచ్చిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాలలో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. కాబట్టి ఏసీ మనకు కేవలము సుఖము కొరకు కాదు. కొందరికి అది మందు వంటిది. మందు ఎవరికి, ఎంత మోతాదులో అని అడిగినట్లే దీనినీ అడగాలి.

ఒక పెద్దాయన సంగతి

కొన్నేళ్ళ క్రిందట ఆళ్లగడ్డ వైపు నుంచి డెబ్బై దాటిన ఒక పెద్దాయనను మధ్యాహ్నం మూడు గంటలకు ఆటోలో తీసుకొచ్చారు. ఒళ్ళు కాలిపోతోంది, చెమట లేదు, మాట తడబడుతోంది. థర్మామీటరు 106 చూపించింది. వాళ్ళ ఇంటి ముందు భాగములో కొడుకుల బట్టల దుకాణము. అందులో ఆ వేసవికే పెట్టించిన రెండు టన్నుల ఏసీ. పెద్దాయన మంచము మాత్రము మేడ మీద రేకుల గదిలో ఉంది. ఆయన బి.పి. మాత్రలు, ఒంట్లో నీరు తీసే మాత్రలు వాడుతున్నారు.

"మా నాయనకు చల్లగాలి పడదని పైన పెట్టినాము సిస్టర్" అని పెద్ద కొడుకు వరండాలో నిలబడి ఏడ్చినాడు. అతడు చెడ్డవాడు కాడు. వేసవిలో దుకాణము చల్లగా లేకపోతే గిరాకీ పక్క షాపుకు పోతుంది. అయితే ఇంట్లో ఏ గది ఎంత వేడెక్కుతుందో, అందులో ఎవరున్నారో ఎవరూ లెక్క వేయలేదు. పెద్దాయన బ్రతికి ఇంటికి వెళ్ళారు గాని, నడక మునుపటిలా లేదు. తరువాత ఆయన మంచము దుకాణము వెనక గదిలోకి దిగింది. అక్కడ ఒక టన్ను ఏసీ సరిపోయింది.

అందుచేత మొదటి మాట ఇది: ఏసీ కంపెనీ ఏదని కాక, ఏ గదికి, ఎవరి కొరకు అని ముందు తేల్చుకోండి. వృద్ధులు, చంటిబిడ్డలు, గర్భిణులు, గుండె, కిడ్నీ, షుగరు జబ్బులున్నవారు, ఆపరేషన్ అయి మంచములో ఉన్నవారు ముందు వరుసలో ఉంటారు. పెద్దవయసులో దాహము తెలియదు, చెమట తక్కువ పడుతుంది. తమకు వేడిగా ఉన్నదని కూడ వారు చెప్పరు.

ఏసీ చేసే పని ఏమిటి?

ఏసీ చలిని తయారుచేయదు. బోరు మోటారు నీటిని తోడినట్లు, గదిలోని వేడిని తోడి బయట పోస్తుంది. అందుకే దీనిని హీట్ పంప్ అని కూడ అంటారు. స్ప్లిట్ ఏసీలో లోపల ఒక పెట్టె, బయట ఒక పెట్టె ఉంటాయి. రెండింటినీ రాగి గొట్టాలు కలుపుతాయి. పెద్ద ఆఫీసులలో లాగా పైకప్పు క్రింద గాలి గొట్టాలు వేయనక్కరలేదు, గోడకు చిన్న రంధ్రము చాలు. చలిదేశాలలో ఇదే యంత్రాన్ని తిరగేసి, బయటి వేడిని లోపలికి తోడుకొని ఇల్లు వెచ్చగా ఉంచుకుంటారు. మన దగ్గర "హాట్ అండ్ కోల్డ్" అని అమ్మే రకానికి అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు. నంద్యాల చలికి దుప్పటి చాలు.

తోడే పని గనుక, పైనుంచి వేడి కారుతూ ఉంటే ఎంత తోడినా తరగదు. చిల్లు కుండలో నీళ్ళు పోసినట్లే అవుతుంది. రేకుల కప్పు, పడమటి గోడ, మూయని కిటికీ, తలుపు క్రింద సందు, ఇవే ఆ చిల్లులు.

ఎన్ని టన్నులు?

టన్ను అంటే ఏసీ బరువు కాదు. ఒక టన్ను మంచుగడ్డ 24 గంటలలో కరిగేటప్పుడు ఎంత వేడిని పీల్చుకుంటుందో అంత వేడిని తోడగల శక్తి. సుమారుగా ఈ లెక్క పెట్టుకోండి. 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గదికి ఒక టన్ను. 120 నుంచి 180 చదరపు అడుగులకు ఒకటిన్నర టన్ను. అంతకు మించితే రెండు.

ఈ లెక్కను మీ గదిని బట్టి సవరించాలి. పైన ఇంకో అంతస్తు ఉన్న క్రింది గది, పాత మట్టి మిద్దె గది చల్లగా ఉంటాయి. స్లాబు ఎండకు నేరుగా కాలే పై అంతస్తు గదికి, పడమటి గోడ ఉన్న గదికి ఒక మెట్టు పెంచుకోవాలి. దుకాణమైతే మనుషులను, తలుపు తెరిచే సార్లను, జిరాక్సు మిషను, ఇస్త్రీపెట్టె వంటి వేడి వస్తువులను కూడ కలుపుకోవాలి.

ఇంకొక సంగతి అమ్మేవారు సాధారణంగా చెప్పరు. ఏసీ శక్తిని బయట 35 డిగ్రీలున్నప్పుడు కొలిచి రాస్తారు. బయట 44 ఉన్నప్పుడు అదే ఏసీ తక్కువ వేడిని తోడుతుంది, ఎక్కువ కరెంటు తాగుతుంది. అందుకే మరీ బొటాబొటిగా కొనవద్దు. అలాగని చిన్న గదికి రెండు టన్నులూ వద్దు. అది గబగబా చల్లబరచి ఆగిపోతుంది, గాలిలోని తేమను తీయదు, వానాకాలములో గది జిగటగా ఉంటుంది. ఇన్వర్టర్ రకము అవసరాన్ని బట్టి వేగము తగ్గించుకొని నడుస్తుంది గనుక రాత్రంతా వాడేవారికి అదే మేలు. ఈ ఇన్వర్టరు వేరు, ఇంట్లో బ్యాటరీ ఇన్వర్టరు వేరు. మామూలు ఇంటి బ్యాటరీతో ఏసీ నడవదు.

నక్షత్రాల లెక్క

ఏసీ మీద అతికించిన కాగితములో నక్షత్రాలతో పాటు ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. ఆ అంకె 1,600 గంటల వాడకానికి లెక్క. ఒకదానిపై 1,000 యూనిట్లు, మరొకదానిపై 780 ఉన్నాయనుకోండి. తేడా 220 యూనిట్లు. ఇప్పుడు మీ వాడకము చూసుకోండి. వేసవిలో నూరు రాత్రులు, రాత్రికి 8 గంటలు వాడే ఇంటికి 800 గంటలే, అంటే ఆదా సగమే, 110 యూనిట్లు. రోజుకు 10 గంటల చొప్పున 240 రోజులు నడిచే దుకాణానికి 2,400 గంటలు, ఆదా 330 యూనిట్లు. ఆ యూనిట్లను మీ బిల్లులో పై స్లాబు రేటుతో గుణించి, ధరలో తేడాతో పోల్చండి. దుకాణానికి 5 నక్షత్రాలు మేలు. వేసవి రాత్రులకే వాడేవారికి 3 నక్షత్రాలు కూడ సరిపోవచ్చు. ఈ కొలతలను కొన్నేళ్ళకొకసారి కఠినము చేస్తారు గనుక, కాగితము మీద ఏ సంవత్సరము లెక్కో చూడండి. నిరుటి సరుకులో 5 ఉన్నది ఈ ఏటికి 4 కావచ్చు.

బిగించేటప్పుడు

బయటి యూనిట్‌ను నీడపట్టున, గాలి ఆడేచోట పెట్టించండి. ఇరుకు సందులో పెడితే అది వదిలిన వేడినే మళ్ళీ పీల్చుకుంటుంది. పక్కింటివారి కిటికీకి ఎదురుగా పెట్టవద్దు, వారి ఇంట్లోనూ ముసలివారు ఉండవచ్చు. ఏసీకి వేరే వైరు, వేరే ఎం.సి.బి., మంచి ఎర్తింగు తప్పనిసరి. ఫ్యాను ప్లగ్గులో పెట్టరాదు. వోల్టేజి ఎగుడుదిగుడుగా ఉండే ఊళ్ళలో స్టెబిలైజరు కావాలి. కరెంటు ఆఫీసులో ఇంటి లోడు పెంచుకోండి. లోపలి యూనిట్ గాలి నేరుగా మంచము తలగడ మీదికి, ఉయ్యాల మీదికి రాకూడదు.

ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే షెడ్ల పక్కన ఆఫీసు గదులున్నవారు రాతిదుమ్ము సంగతి గుర్తుంచుకోవాలి. ఆ దుమ్ముకు జాలి త్వరగా మూసుకుపోతుంది, వారానికొకసారి కడగాలి. ఏసీ జాలి ఊపిరితిత్తులను కాపాడదు. చెక్కేటప్పుడు ముక్కుకు మాస్కు ఉండవలసిందే.

వాడేటప్పుడు

2020 జనవరి నుంచి నక్షత్రాల ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా నియమము ఉంది. దానిని 16కు దించితే గది త్వరగా చల్లబడుతుందనుకోవడము పొరపాటు. 26 లేక 27 పెట్టి, ఫ్యాను నెమ్మదిగా తిప్పండి. ఒక్కొక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతము కరెంటు ఆదా అవుతుంది. చంటిబిడ్డ పాదాలు, చేతులు ముట్టి చూస్తూ ఉండండి. చల్లబడితే ఉష్ణోగ్రత పెంచండి.

స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. కనుక టి.బి. మందులు కొత్తగా మొదలుపెట్టినవారిని, తెరలు తెరలుగా దగ్గేవారిని ఇతరులతో కలిపి మూసిన ఏసీ గదిలో పడుకోబెట్టవద్దు. వారికి కిటికీలు తెరిచిన గాలి గదే క్షేమము. మిగిలినవారు కూడ పొద్దున, సాయంత్రము కొంతసేపు తలుపులు తెరవండి. మూసిన గదిలో దోమల చుట్ట వెలిగించరాదు, దోమతెర కట్టుకోండి. బొగ్గుల కుంపటి, జనరేటరు దగ్గరలో ఉండనే కూడదు. వాటి వాయువుకు వాసన ఉండదు, ప్రాణము తీస్తుంది.

"గ్యాస్ తగ్గింది, నింపాలి" అని ఏటేటా డబ్బు తీసుకునేవారున్నారు. ఏసీలో గ్యాస్ వాడకముతో తరిగేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నది. ముందు ఆ చోటు వెదికి అతికించాలి, తరువాతనే నింపాలి. ఇప్పటి ఆర్-32 కొద్దిగా, ఆర్-290 బాగా మండే వాయువులు గనుక తెలిసిన మెకానిక్కునే పిలవండి.

కొనలేని ఇంటికి

ఏసీ లేనంత మాత్రాన మీ పెద్దలకు రక్షణ లేదనుకోవద్దు. కప్పు మీద తెల్లసున్నము గాని, చల్లదనపు తెల్ల పెయింటు గాని వేస్తే లోపల రెండు మూడు డిగ్రీలైనా తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వము 2023లో దీని కొరకే ఒక విధానము తెచ్చింది. ఏసీ పెట్టేవారు కూడ ముందు ఈ పని చేస్తే చిన్న ఏసీతో సరిపోతుంది. పడమటి కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టి తడపండి. ఏప్రిల్, మే నెలల పొడి ఎండకు కూలరు బాగా పనిచేస్తుంది, అయితే కిటికీ తెరిచి పెట్టాలి. వానలు పడ్డాక దానివల్ల ఉక్కపోతే మిగులుతుంది. కూలరు నీళ్ళు వారానికొకసారి పారబోసి తొట్టి రుద్ది ఆరబెట్టండి, లేకుంటే డెంగీ దోమ పెరుగుతుంది.

గది గాలి 40 డిగ్రీలు దాటితే ఒక్క ఫ్యాను ఒంటిని ఇంకా వేడి చేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తున్నది. అప్పుడు ఒళ్ళు తడిబట్టతో తుడుస్తూ ఉండండి. పెద్దవారి మంచాన్ని మధ్యాహ్నము మేడ మీద నుంచి క్రింది గదికి దించండి. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. కరెంటు పోయినప్పుడు ఏసీ ఉన్న ఇంటికైనా ఇదే దారి.

ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడి, మగతగా ఉంటే అది మామూలు జ్వరము కాదు. జ్వరము మాత్రతో తగ్గదు. 108కి ఫోన్ చేసి, వచ్చేలోపు నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు చల్లి విసరండి. చంకలలో, గజ్జలలో చల్లని తడిబట్టలు ఉంచండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయవద్దు.

షాపుకు వెళ్ళేముందు ఒక చిన్న కాగితము మీద ఇవి రాసుకోండి: గది పొడవు, వెడల్పు, పైకప్పు రేకులా, స్లాబా, పడమటి గోడ ఉన్నదా, రోజుకు ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని రోజులు. అన్నిటికన్నా పైన, ఆ గదిలో పడుకునే మనిషి పేరు రాయండి. ఆ పేరు రాసేటప్పుడే మీ నాయన మంచమో, మీ అవ్వ మంచమో ఏ గదిలో ఉన్నదో ఒకసారి వెళ్ళి చూసి రండి. మధ్యాహ్నము మూడు గంటలకు వెళ్ళి చూడండి.