సీరియల్ పోర్టు చిప్ తప్పు చేస్తే డ్రైవర్ ఎంతవరకు కాపాడుతుంది?

సంక్రాంతికి నరసన్నపేట వెళ్లినప్పుడు మావయ్య రైస్ మిల్లు నుంచి ఫోన్ చేశారు. వెళ్లి చూస్తే వేబ్రిడ్జి డిస్‌ప్లేలో 6240 కేజీలు, పక్కనే ఉన్న కంప్యూటర్లో 640. "ట్రాక్టర్ నిండా ధాన్యం ఉంటే ఆరొందల కేజీలేట్రా? రైతుకి ఏటని సెప్పాల?" అన్నారు. మధ్యలో ఉన్నది ఒక చవక యూఎస్‌బీ-టు-సీరియల్ కేబుల్. నా బ్యాగులో ఉన్న ఇంకో కేబుల్ పెట్టగానే అంకెలు సరిగ్గా వచ్చాయి.

"మరి ఇలాంటివి చూసుకోవడానికే కదా డ్రైవర్ ఉండేది?" అని మావయ్య అడిగారు. మంచి ప్రశ్న. సమాధానం కొంచెం పెద్దది.

సీరియల్ పోర్టు పని ఏంటి?

ఆర్ఎస్-232 వైరు మీద డేటా ఒక్కో బిట్ చొప్పున వెళ్తుంది. ఆ బిట్లను అక్షరాలుగా కూర్చే చిప్‌ని యూఆర్ట్ అంటారు. 9600 బాడ్ దగ్గర స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి ఒక అక్షరానికి 10 బిట్లు, అంటే సెకనుకి 960 అక్షరాలు. అక్షరం వచ్చినప్పుడల్లా చిప్ ఇంటరప్ట్ ఇచ్చి ప్రాసెసర్‌ని పిలుస్తుంది. ప్రాసెసర్ రావడం ఆలస్యమైతే పాత అక్షరం మీద కొత్తది పడుతుంది, పాతది పోతుంది.

అందుకే 16550 అనే చిప్‌లో 16 అక్షరాలు దాచుకునే ఫిఫో పెట్టారు. కానీ మొదట వచ్చిన 16550లో ఆ ఫిఫోయే సరిగ్గా పనిచేయలేదు. తర్వాత వచ్చిన 16550ఏలో సరిచేశారు. లైనక్స్ డ్రైవర్ ఇప్పటికీ ఫిఫోని ఆన్ చేసి, ఒక రిజిస్టర్‌లో పై రెండు బిట్లు చూస్తుంది. రెండూ 1 అయితే ఫిఫో వాడొచ్చు. ఒక్కటే 1 అయితే పాత చిప్ అని అర్థం. అప్పుడు ఫిఫోని పక్కన పెట్టి ఒక్కో అక్షరంతోనే నడుపుతుంది.

పిలవాల్సిన చిప్ పిలవకపోతే?

డేటా పంపేటప్పుడు "నా దగ్గర ఖాళీ అయింది, తర్వాతది ఇవ్వు" అని చిప్ ఇంటరప్ట్ ఇవ్వాలి. కొన్ని చిప్‌లు ఈ ఇంటరప్ట్ ఒకసారి ఇచ్చి, మళ్లీ ఆన్ చేస్తే ఇవ్వవు. డ్రైవర్ ఎదురుచూస్తూనే ఉంటుంది, పోర్టు ఆగిపోతుంది. అందుకే లైనక్స్ పోర్టు తెరిచేటప్పుడే చిన్న పరీక్ష పెడుతుంది: ఇంటరప్ట్‌ని ఆన్, ఆఫ్, మళ్లీ ఆన్ చేసి రెండోసారి వచ్చిందా అని చూస్తుంది. రాకపోతే దాదాపు 0.2 సెకన్లకోసారి తానే వెళ్లి చూసే టైమర్ పెట్టుకుంటుంది. మీ లాగ్‌లో "యూజింగ్ బ్యాకప్ టైమర్" అని కనిపిస్తే విషయం ఇదే.

యూఎస్‌బీ కేబుళ్లకీ ఇలాంటివి ఉన్నాయి. సీహెచ్340 రకం చిప్‌లలో కొన్నిటికి "బ్రేక్" సిగ్నల్ పంపడం రాదు. డ్రైవర్ ఏం చేస్తుందంటే, బాడ్ రేటుని బాగా తగ్గించి ఒక సున్నా అక్షరం పంపుతుంది. లైను ఎక్కువసేపు కిందే ఉంటుంది కాబట్టి అవతలివాళ్లకి అది బ్రేక్‌లాగే కనిపిస్తుంది.

2014లో ఎఫ్‌టీడీఐ విండోస్ డ్రైవర్ దీనికి రివర్స్‌లో వెళ్లింది. నకిలీ చిప్ కనిపిస్తే దాని ప్రొడక్ట్ ఐడీని 0 చేసేది, కేబుల్ చచ్చినట్టే. లైనక్స్ మాత్రం ఆ 0 ఐడీని కూడా తన లిస్టులో చేర్చుకుంది.

డ్రైవర్ చేయలేనిది

పైవాటన్నిటిలో ఒక పోలిక గమనించారా? తప్పు ఎప్పుడూ ఒకేలా జరుగుతుంది, డ్రైవర్ దాన్ని ముందే గుర్తుపట్టగలదు. మావయ్య కేబుల్‌ది అలా కాదు. ఆ "2" అసలు కంప్యూటర్ దాకా రాలేదు. రాని అంకెని ఏ డ్రైవరూ సృష్టించలేదు.

640 అయితే మనిషి కంటికి దొరికింది. "6"కి, "4"కి కోడ్‌లో తేడా ఒక్క బిట్టే. ఆ బిట్ మారితే 6240 కాస్తా 4240 అవుతుంది. ఎవరికీ అనుమానం రాదు, రైతుకి రెండు టన్నుల డబ్బు పోతుంది. దీన్ని ఆపాలంటే పారిటీ ఆన్ చేయాలి. సాఫ్ట్‌వేర్ కూడా అంకెల సంఖ్య సరిపోయిందా, వరుసగా మూడుసార్లు అదే బరువు వచ్చిందా అని చూడాలి.

మీరు ఏం చేయాలి?

బిల్లింగ్, కాటా లాంటి డబ్బు పనులకి కేబుల్ కొంటే ముందు ఒక గంట నడిపి, డిస్‌ప్లేతో పోల్చి చూడండి. అనుమానం వస్తే డ్రైవర్ మార్చేముందు కేబుల్ మార్చండి.

మావయ్యకి ఒక్క మాటే చెప్పాను: కాటా డిస్‌ప్లే కేబుల్‌కి ముందే ఉంది, దాని లోపం డిస్‌ప్లేని తాకదు. స్లిప్పు ఇచ్చేముందు రెండు అంకెలూ రైతుకి చూపించండి. ఇప్పుడు అక్కడ అలాగే చేస్తున్నారు.