జోలపాట, ఊయల, పసిపాప నిదుర

పగటి పనులతో అలసిన ఇల్లు దీపాలు తగ్గించి నడుము వాల్చే వేళకు, ఆ ఇంటిలోని నెలల బిడ్డ కళ్లు విప్పి కాళ్లూ చేతులూ ఆడించడం ఆరంభిస్తుంది. కాశ్మీరమైనా కన్యాకుమారి అయినా, మేడ అయినా పూరిపాక అయినా ఈ దృశ్యం ఒక్కటే. బిడ్డకు రాత్రింబవళ్లు తారుమారైనాయని ఇంటి పెద్దలు అంటారు. నాలుగు గంటలైనా ఏకధాటిగా నిద్రపోని తల్లి, తన పెంపకంలోనే ఏదో లోపమున్నదని లోలోపల నొచ్చుకుంటుంది. పసిబిడ్డను రాత్రి నిద్రపుచ్చడం చిన్న విషయంగా కనిపించినా, దానిమీద బిడ్డ క్షేమమూ తల్లి ఆరోగ్యమూ ఆధారపడి ఉన్నాయి. ఈ సమస్యకు మన దేశ ప్రజలు తరతరాలుగా పాటతో, ఊయలతో సమాధానం చెప్పుకొంటూ వచ్చారు. ఆ సమాధానంలో నిలిచేదెంత, విడిచిపెట్టవలసినదెంత అన్నది నేటి విజ్ఞానం తేటతెల్లం చేస్తున్నది.

పసి నిదుర స్వభావం

అప్పుడే పుట్టిన శిశువు దినానికి 14 నుంచి 17 గంటల వరకు నిద్రిస్తుంది. అయితే ఆ నిద్ర ఒక్క విడతగా సాగదు. చిన్న చిన్న ముక్కలుగా పగటికీ రాత్రికీ పంచబడి ఉంటుంది. శిశువు పొట్ట చాలా చిన్నది. తల్లిపాలు త్వరగా జీర్ణమవుతాయి. కనుక రెండు మూడు గంటలకొకసారి ఆకలి వేయడం సహజం. అంతేకాక, చీకటి పడగానే నిద్రను, తెల్లవారగానే మెలకువను కలిగించే దేహ గడియారం పుట్టుకతోనే సిద్ధంగా ఉండదు. అది కుదురుకొనడానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. తారుమారైన రాత్రింబవళ్లు రోగమూ కాదు, దృష్టిదోషమూ కాదు. ఎదుగుదలలో ఒక దశ మాత్రమే.

నిద్రిస్తున్న పాప ముఖాన్ని పరికించిన వారికి మరొక విశేషం గోచరిస్తుంది. మూసిన రెప్పల కింద కనుగుడ్లు కదులుతాయి, పెదవులపై చిరునవ్వు మెరుస్తుంది, వేళ్లు ఉలికిపడతాయి. 1953లో అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ అనే శాస్త్రజ్ఞులు కనుగుడ్ల కదలికలతో కూడిన ఈ నిద్రను లోకానికి వెల్లడించారు. పెద్దవారి నిద్రలో దీని భాగం సుమారు నాలుగో వంతు కాగా, నవజాత శిశువు నిద్రలో దాదాపు సగం ఇదే. పెద్దవారిలో ఒక నిద్రావృత్తం ఇంచుమించు 90 నిమిషాలు సాగితే, శిశువులో అది 50 నుంచి 60 నిమిషాలలోనే ముగుస్తుంది. ప్రతి వృత్తం చివరా నిద్ర పలుచబడుతుంది. ఆ సమయంలో తలుపు చప్పుడైనా చాలు, బిడ్డ మేల్కొంటుంది.

పెద్దవారు మొదట కనుగుడ్ల కదలికలు లేని నిద్రలోకి జారుకొంటారు. తొలి నెలల శిశువు మాత్రం ఈ పలుచని నిద్ర ద్వారానే నిద్రలో ప్రవేశిస్తుంది. ఒడిలో కళ్లు మూసిన బిడ్డను వెంటనే పక్కమీద వేయగానే ఏడుపు లంకించుకొనడానికి ముఖ్య కారణం ఇదే. పిడికిలి విడిపోయి, చేయి వాలిపోయే వరకు ఆగాలని చెప్పే అమ్మమ్మల అనుభవం ఈ సూక్ష్మాన్ని గ్రహించినదే.

ఊయల వెనుక ఉన్న మర్మం

భారతదేశంలో ఊయలకు ఉన్నన్ని రూపాలు మరే గృహోపకరణానికీ లేవేమో. తెలుగునాట కలిగినవారి ఇళ్లలో గొలుసులతో వేలాడే కొయ్య ఉయ్యాల, సామాన్యుల ఇళ్లలో దూలానికి కట్టిన పాతచీర ఉయ్యాల పసివారి తొలి పడకలు. కన్నడిగులు దానిని తొట్టిలు అంటారు, తమిళులు తొట్టిల్ అంటారు, మహారాష్ట్రులది పాళణా. గుజరాతీయుల ఘోడియుం నాలుగు కాళ్ల చట్రంలో వేలాడే గుడ్డ ఊయల. ఆ రాష్ట్రంలోని సంఖేడా గ్రామ కళాకారులు లక్క రంగులతో తీర్చే కొయ్య సామగ్రిలో ఊయలకు ప్రత్యేక స్థానమున్నది. శిశువును ఊయలలో వేయడం అనేక ప్రాంతాలలో ఒక శుభకార్యం. తెలుగువారి బారసాలలో నామకరణంతో పాటు ఊయల వేడుక కూడా కలిసి ఉంటుంది. పొలంలో పనిచేసే తల్లి చెట్టుకొమ్మకు, కట్టడాల వద్ద కూలిచేసే తల్లి రెండు గుంజలకు కట్టుకొనే చీర ఊయలకు ఏ వేడుకా ఉండదు. కాని బిడ్డకు ఇచ్చే ఊరట ఒక్కటే.

కదలిక బిడ్డనెందుకు శాంతపరుస్తుంది? గర్భంలో ఉన్నంతకాలం తల్లి నడకతో పాటు శిశువు కూడా ఊగుతూనే ఉంటుంది. కదలికను గుర్తించే లోపలి చెవి నిర్మాణం పుట్టుకకు ముందే పనిచేయడం ప్రారంభిస్తుంది. 2013లో జపానులోని రికెన్ పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు ఆరు నెలల లోపు శిశువులను పరిశీలించారు. తల్లి బిడ్డనెత్తుకొని కూర్చున్నప్పటి కంటె, ఎత్తుకొని నడుస్తున్నప్పుడు ఏడుపు తగ్గి, గుండె కొట్టుకొనే వేగం నెమ్మదించడం గమనించారు. ఇటువంటి ప్రతిస్పందన ఎలుక పిల్లలలోనూ కనిపించింది. 2022లో ఆ బృందమే 21 మంది శిశువులపై జరిపిన మరొక పరిశీలనలో, ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకొని అయిదు నిమిషాలు నిలకడగా నడిచి, నిద్రపోయిన తరువాత అయిదు నుంచి ఎనిమిది నిమిషాలు అలాగే పట్టుకొని కూర్చొని, ఆపైన పడుకోబెడితే మేల్కొనే అవకాశం తక్కువని తేలింది. భుజాన వేసుకొని వాకిట్లో పచార్లు చేసే తాతగారికి ఇది కొత్త సంగతి కాదు.

ఒకే రాగం, అనేక భాషలు

ఊయల ఉన్నచోట పాట ఉంటుంది. తెలుగులో జోలపాట, లాలిపాట, హిందీ, పంజాబీ, ఉర్దూ భాషలలో లోరీ, సింధీలో లోలీ, మరాఠీలో అంగాయీ గీతం, గుజరాతీలో హాలరడుం, కన్నడంలో జోగుళ, తమిళంలో తాలాట్టు, మలయాళంలో తారాట్టు, వంగభాషలో ఘుమ్‌పాడానీ గాన్, అస్సామీలో నిసుకని గీత్. సముద్రం దాటి శ్రీలంకకు వెళితే సింహళంలో నెళవిలి గీతాలు వినిపిస్తాయి. తాల్ అంటే నాలుక, ఆట్టు అంటే ఆడించడం. నాలుకను ఆడిస్తూ పాడేది గనుక తాలాట్టు అయినదని తమిళ పండితులు వివరిస్తారు. జో, లా, రా వంటి మృదువైన అక్షరాలు తిరిగి తిరిగి రావడం, స్వరం పైకెగయక ఊయల తూగుతో సాగడం ఈ పాటలన్నిటికీ సామాన్య లక్షణం. అర్థం తెలియని శిశువుకు కావలసినది పదం కాదు. మారని లయ, పరిచితమైన కంఠం.

ఈ సామాన్య ప్రజల పాట కవులనూ ఆకర్షించింది. తొమ్మిదవ శతాబ్దివాడుగా భావించబడే పెరియాళ్వారు బాలకృష్ణుని ఊయలలో ఉంచి పాడిన పాశురాలలో బ్రహ్మాదులు ఆ ఊయలకు కానుకలు పంపుతారు. తమిళంలోని పిళ్ళైత్తమిళ్ అనే ప్రబంధ భేదం శైశవాన్ని పది ఘట్టాలుగా విభజించి, వానిలో ఒకదానిని జోలకే కేటాయించింది. సూరదాసు పదాలలో యశోద ఊయలనూపుతూ నిద్రను మనిషిని పిలిచినట్లు పిలుస్తుంది. వంగదేశపు జానపద గేయాలలో నిద్ర పినతల్లిగా, మేనత్తగా మారి ఇంటికి అతిథిగా వస్తుంది. అన్నమాచార్యుల జోలలు, త్యాగరాజస్వామి లాలి కీర్తనలు తెలుగు ఇళ్లలో నేటికీ వినవస్తున్నాయి. తిరువాన్కూరు సంస్థానంలో 1813లో స్వాతి తిరునాళ్ జన్మించినప్పుడు ఇరయిమ్మన్ తంపి రచించిన ‘ఓమనత్తింగళ్ కిడావో’ అనే తారాట్టు మలయాళ సీమలో ఇంటింటి పాట అయింది. రాజశిశువు కోసం పుట్టిన పాట పేదయింటి ఊయలకూ దక్కింది. మార్కండేయ పురాణంలోని మదాలస తన కుమారులకు జోలపాడుతూ ఆత్మతత్త్వాన్నే బోధించింది; ఆ పురాణాన్ని పద్నాలుగవ శతాబ్దిలో మారన తెలుగు చేశాడు. పిల్లలను లాలించే వంగ గేయాల విలువను గుర్తించి రవీంద్రనాథ ఠాకూరు రచించిన వ్యాసం 1907 నాటి ఆయన ‘లోకసాహిత్య’ గ్రంథంలో చేరింది.

భయంతో వచ్చే నిదుర

జోలపాటలన్నీ తీయనివే అనుకొనరాదు. 1740వ దశకంలో మరాఠా అశ్వికదళాలు వంగదేశంపై జరిపిన దాడుల స్మృతి అక్కడి జోలపాటలో నిలిచిపోయింది. ‘బర్గీలు’ వచ్చారని, పంట పోయిందని, శిస్తు కట్టేదెట్లాగని వాపోయే తల్లి గొంతు అందులో వినబడుతుంది. చరిత్ర గ్రంథాలకెక్కని రైతు వేదనను ఆ ఊయల పాట రెండు శతాబ్దాలకు పైగా మోసుకొచ్చింది. తెలుగు ఇళ్లలో మారాం చేసే పిల్లలకు ‘బూచి’ వస్తుందని చెప్పడం పరిపాటి. ఇటువంటి బెదిరింపు వివిధ పేర్లతో దాదాపు అన్ని భాషలలోనూ కలదు.

ఈ విషయమై మన ప్రాచీన వైద్యుల అభిప్రాయం గమనింపదగినది. చరకసంహిత శారీరస్థానంలో శిశుగృహం ఎట్లుండవలెనో చెప్పిన భాగమున్నది. ఆటవస్తువులు రంగురంగులుగా, చప్పుడు చేసేవిగా, తేలికగా ఉండవలెననీ, వాడి మొనలు ఉండరాదనీ, నోటిలో పట్టేటంత చిన్నవి కారాదనీ అందులో నియమం. ఏడ్చినా, అన్నం తినకపోయినా రాక్షస పిశాచాల పేర్లు చెప్పి బిడ్డను భయపెట్టరాదని కూడా అందులోనే కలదు. సుశ్రుతసంహిత శిశువును గద్దించరాదనీ, నిద్రలో ఉన్నప్పుడు హఠాత్తుగా లేపరాదనీ చెబుతున్నది. శతాబ్దాల నాటి ఈ సలహాలో నేటి వైద్యులు మార్చవలసినదేమీ లేదు.

మత్తుతో వచ్చే నిదుర

భయం కంటె ప్రమాదకరమైనది మత్తు. పత్తిమిల్లులలో పనిచేసే తల్లులు పసివారికి నల్లమందు కొద్దిగా నాకించి పనికి వెళ్లే అలవాటు ఒకప్పుడు బొంబాయి వంటి నగరాలలో ఉండేది. 1893లో నియమితమైన నల్లమందు కమిషన్ ముందుకు శిశువులకు దీనిని ఇచ్చే ఆచారం వచ్చింది. విట్లీ అధ్యక్షతన 1931లో నివేదిక సమర్పించిన రాయల్ కార్మిక కమిషన్ సైతం ఈ దురాచారాన్ని ప్రస్తావించింది. ఇది ఒక్క భారతదేశపు తల్లుల అజ్ఞానమనుకొనడం పొరపాటు. పందొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండు పారిశ్రామిక నగరాలలోనూ నల్లమందు కలిసిన ‘గాడ్‌ఫ్రీస్ కార్డియల్’ అనే ద్రావకాన్ని శిశువులకు విరివిగా పట్టేవారు. బిడ్డను చూసుకొనే దిక్కులేక, పని మానితే పూటగడవక తల్లులు ఈ దారి పట్టారు. మోతాదు కాస్త మించితే శిశువు ఊపిరి మందగించి, ఆ నిద్ర నుంచి లేచేది కాదు.

అందువల్ల దీనికి విరుగుడు ఉపదేశం కాదు, సౌకర్యం. 1948 నాటి కర్మాగారాల చట్టం 50 మందికి మించి స్త్రీలు పనిచేసేచోట శిశుగృహం ఉండవలెనని విధించింది. 1976 సవరణ ఆ సంఖ్యను 30కి తగ్గించింది. వేతనంతో కూడిన ప్రసూతి సెలవు 2017 సవరణతో 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. అయితే పొలాలలో, ఇటుక బట్టీలలో, ఇళ్లలో పనిచేసే అసంఖ్యాక స్త్రీలకు నెల ముగియగానే జీతం చేతికిచ్చే యజమాని, సెలవు చీటీ అన్నవే ఉండవు. వారి బిడ్డల నిద్ర ఇంకా చెట్టుకొమ్మ ఊయల మీదే ఆధారపడి ఉన్నది. నల్లమందు మాట వెనుకబడినా, బిడ్డ పడుకుంటుందని వైద్యుని సలహా లేకుండా జలుబు మందులు, మత్తు కలిగించే ఔషధాలు పట్టడం కూడా అదే కోవకు చెందిన ప్రమాదం.

క్షేమకరమైన పడక

నిద్రపుచ్చడం ఎంత ముఖ్యమో, నిద్రించే తీరు అంత ముఖ్యం. ఆరోగ్యంగా ఉన్న శిశువులు కొందరు నిద్రలోనే హఠాత్తుగా మరణించడం వైద్యులను చాలాకాలం కలవరపరిచింది. బోర్లా పడుకోబెట్టడం ఈ ముప్పును పెంచుతుందని తేలిన మీదట, బ్రిటన్‌లో 1991లోనూ, అమెరికాలో 1994లోనూ బిడ్డలను వెల్లకిలా పడుకోబెట్టాలని పెద్దఎత్తున ప్రచారం జరిగింది. కొద్ది సంవత్సరాలలోనే ఆ దేశాలలో ఇటువంటి మరణాలు సుమారు సగానికి తగ్గాయి. ఖరీదైన మందు గాని, యంత్రం గాని లేకుండా, కేవలం పడుకొనే భంగిమను మార్చడం వలన ఇన్ని ప్రాణాలు నిలిచాయి.

కనుక బిడ్డను వెల్లకిలా, గట్టిగా సమతలంగా ఉన్న పక్కపై పడుకోబెట్టాలి. తల గుండ్రంగా వస్తుందని ఆవాల దిండు పెట్టే వాడుక కొన్ని ప్రాంతాలలో ఉన్నది. తొలి సంవత్సరం దిండ్లు, బరువైన దుప్పట్లు, మెత్తని బొమ్మలు పక్కలో లేకపోవడమే క్షేమం. గుడ్డ ఊయలలో బిడ్డ మెడ ముందుకు వంగి గడ్డం రొమ్మును తాకితే ఊపిరాడదు. కాబట్టి చూపు ఆనే దూరంలో పెద్దవారుండాలి. రాత్రంతా పడుకొనడానికి సమతలమైన పక్కే తగినది. ఇంట పొగ తాగరాదు. పొయ్యి పొగ పక్క దరికి రానీయరాదు. వెచ్చదనం పేరుతో గుడ్డలు అతిగా చుట్టరాదు. కాళ్లను బిగించి కట్టరాదు. దోమతెర అవసరమే; అది బిడ్డ ముఖాన్ని తాకకుండా బిగువుగా ఉండాలి.

రాత్రికీ పగటికీ గల భేదాన్ని బిడ్డకు నెమ్మదిగా తెలియజెప్పవచ్చు. పగలు వెలుతురులో ఉంచి, మాటలాడి, ఆడించాలి. రాత్రి పాలిచ్చేటప్పుడు దీపం మందంగా ఉంచి, మాటలు తగ్గించి, వెంటనే పడుకోబెట్టాలి. రాత్రివేళ తల్లిపాలలో నిద్రకు తోడ్పడే మెలటోనిన్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది. ప్రకృతి కూడా తల్లి ద్వారానే బిడ్డకు చీకటి కబురు పంపుతున్నదన్నమాట. రోజూ ఒకే వేళకు స్నానమో, ఒళ్లు తుడవడమో, పాలు, పాట ఒకే వరుసలో సాగితే, ఆ వరుసే బిడ్డకు నిద్రకు సంకేతమవుతుంది. ఎంత ఊపినా ఆగని ఏడుపు, జ్వరం, పాలు తాగకపోవడం, లేపినా లేవని మగత కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయక వైద్యుని వద్దకు తీసుకుపోవాలి.

చివరగా, ఈ బాధ్యత తల్లి ఒక్కతెది కాదు. పాలివ్వడం తప్ప ఎత్తుకొని నడవడం, ఊయల ఊపడం, పాడడం ఇంటిలో ఎవరైనా చేయగల పనులే. నిద్రలేమి బాలింతరాలి శరీరాన్ని, మనసునూ కుంగదీస్తుంది. తండ్రి ఒక జాము మేలుకొంటే తల్లికి దొరికే నిద్ర ఆమె ఆరోగ్యాన్ని నిలిపి, మరునాటి బిడ్డ సంరక్షణకు బలమిస్తుంది. జోలపాటకు శ్రుతి శుద్ధమైన గాత్రం అవసరం లేదు. ఏ భాషలో పాడినా, ఎవరు పాడినా, ఆ గొంతు తనవారిదైతే చాలునన్న సంగతి ఊయలలోని పాపకు బాగా తెలుసు.