సునామీలో కొట్టుకుపోయిన పడవ.. రెండు ఊళ్లను కలిపింది! అసలు సిస్టర్ సిటీ అంటే ఏంటి?

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం. ఉత్తరం కొసన క్రెసెంట్ సిటీ అనే చిన్న ఊరు. 2013 ఏప్రిల్‌లో అక్కడి బీచ్‌కు ఒక పడవ కొట్టుకొచ్చింది. లోపల మనుషులు లేరు. పెంకులున్న సముద్ర జీవులు ఒళ్లంతా అతుక్కుపోయాయి. పక్కన జపనీస్ అక్షరాలు కనిపించాయి. వాటి ఆధారంగా ఆరా తీస్తే అది ఓ స్కూలు పడవ అని తేలింది!

ఆ పడవ పేరు కమోమె. జపనీస్‌లో ఈ మాటకు అర్థం సీగల్ అనే సముద్ర పక్షి. జపాన్‌లోని రికుజెన్‌టకాటా నగరంలో టకాటా హైస్కూల్ పిల్లలకు ట్రైనింగ్ ఇచ్చేందుకు దీన్ని వాడేవాళ్లు. 2011 మార్చి 11 సునామీలో ఇది కొట్టుకుపోయింది. రెండేళ్ల పాటు పసిఫిక్ మహాసముద్రంలో తేలుతూ అవతలి ఒడ్డుకు చేరింది.

పిల్లలే ముందుకొచ్చారు..

క్రెసెంట్ సిటీలోని డెల్ నార్టే హైస్కూల్ విద్యార్థులు పడవను శుభ్రం చేశారు. వెనక్కి పంపేందుకు విరాళాలు సేకరించారు. అదే ఏడాది కమోమె సొంత ఊరికి చేరింది.

అప్పటికి రికుజెన్‌టకాటా పరిస్థితి ఏంటో తెలిస్తే ఈ పని విలువ అర్థమవుతుంది. సుమారు 24 వేల మంది ఉన్న ఆ నగరంలో 1,700 మందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారు. అంటే దాదాపు ప్రతి 14 మందిలో ఒకరు. టకాటా హైస్కూల్ భవనం కూడా నాశనమైంది. అన్నీ పోయాయి అనుకున్న పిల్లలకు, తమ స్కూలుది అని చెప్పుకునే ఒక వస్తువు తిరిగొచ్చింది.

ఆ తర్వాత అమెరికా పిల్లలు జపాన్ వెళ్లారు. జపాన్ పిల్లలు అమెరికా వచ్చారు. రెండు స్కూళ్లు సిస్టర్ స్కూల్స్ అయ్యాయి. 2018లో రెండు ఊళ్లు అధికారికంగా సిస్టర్ సిటీస్ అయ్యాయి.

ఇంతకీ సిస్టర్ సిటీ అంటే ఏంటి?

రెండు దేశాల్లోని రెండు నగరాలు దీర్ఘకాలం స్నేహంగా ఉంటామని రాసుకునే ఒప్పందం ఇది. సాధారణంగా మేయర్లు సంతకాలు చేస్తారు. ఇది దేశాల మధ్య ఒప్పందం కాదు, ఊరికీ ఊరికీ మధ్య బంధుత్వం లాంటిది.

అమెరికా, జపాన్ మధ్య తొలి జోడీ సెయింట్ పాల్, నాగసాకి. ఒప్పందం కుదిరిన తేదీ 1955 డిసెంబర్ 7. 1941లో పెర్ల్ హార్బర్‌పై జపాన్ దాడి చేసింది కూడా డిసెంబర్ 7నే. నాగసాకిపై అమెరికా అణుబాంబు వేసి అప్పటికి పదేళ్లే అయింది. మరుసటి ఏడాది అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ప్రజల మధ్య నేరుగా స్నేహాలు పెంచే కార్యక్రమం మొదలుపెట్టడంతో ఈ ఆలోచన ఊపందుకుంది. ఇప్పుడు రెండు దేశాల మధ్య ఇలాంటి జోడీలు 400కు పైగానే ఉన్నాయి.

పిల్లలు వెళ్లి ఏం చేస్తారు?

చాలా ప్రోగ్రామ్‌లలో పిల్లలను హోటల్లో కాకుండా ఎవరో ఒకరి ఇంట్లో ఉంచుతారు. దీన్నే హోమ్‌స్టే అంటారు. ఆ ఇంటివాళ్లు తినేదే తినాలి, వాళ్ల పిల్లలతో పాటు స్కూలుకు వెళ్లాలి.

అక్కడే అసలు తేడాలు తెలుస్తాయి. జపాన్ స్కూళ్లలో లోపలికి వెళ్లే ముందు బూట్లు విప్పి వేరే చెప్పులు వేసుకుంటారు. తరగతి గదిని పిల్లలే ఊడ్చి తుడుస్తారు. అమెరికా హైస్కూల్లో పీరియడ్ మారితే పిల్లలు గది మారతారు. జపాన్‌లో ఎక్కువగా టీచరే గది మారతారు. కొన్నాళ్లకు అవతలి ఊరి పిల్లలు వస్తారు. ఈసారి అతిథిగా వెళ్లినవాళ్లే ఆతిథ్యం ఇవ్వాలి.

మరి టీచర్లు?

జపాన్ ప్రభుత్వం 1987లో జెట్ ప్రోగ్రామ్ మొదలుపెట్టింది. దీని ద్వారా విదేశీ యువత జపాన్ స్కూళ్లలో ఇంగ్లీష్ టీచర్లకు సహాయకులుగా పనిచేస్తారు. కొన్ని నగరాలు ఈ ఉద్యోగాలకు తమ సిస్టర్ సిటీ వాళ్లనే పిలిపించుకుంటాయి.

రికుజెన్‌టకాటాలోనూ అలా ఒక అమెరికన్ యువకుడు పాఠాలు చెప్పేవాడు. ఊరు అలాస్కా. సునామీ ఆయన్నూ పొట్టనపెట్టుకుంది. అంటే పడవ రాకముందే ఆ ఊరి విషాదంలో ఒక అమెరికన్ కుటుంబానికీ భాగం ఉంది.

అన్ని బంధాలూ నిలబడతాయా?

లేదు. అదే 2018లో అదే కాలిఫోర్నియాకు చెందిన శాన్‌ఫ్రాన్సిస్కోతో ఒసాకా నగరం తెగదెంపులు చేసుకుంది. 1957 నుంచి ఉన్న బంధం అది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం లైంగిక బానిసలుగా మార్చిన మహిళల గుర్తుగా శాన్‌ఫ్రాన్సిస్కోలో పెట్టిన విగ్రహమే వివాదానికి కారణం. 60 ఏళ్ల ఒప్పందాన్ని ఒసాకా మేయర్ నిర్ణయం ముగించింది.

అంటే మేయర్ల సంతకంతో పుట్టిన ఒప్పందం, మేయర్ నిర్ణయంతోనే పోవచ్చు. క్రెసెంట్ సిటీ కథలో మాత్రం వరుస తిరగబడింది. ముందు పిల్లలు కలిశారు, తర్వాత స్కూళ్లు, చివరికి సంతకాలు.

ఇందులో ఇంకో అవసరం కూడా ఉంది..

క్రెసెంట్ సిటీకి సునామీ కొత్త కాదు. 1964లో అలాస్కా భూకంపం తర్వాత వచ్చిన అలలకు అక్కడ 11 మంది బలయ్యారు. 2011లో జపాన్‌ను ముంచిన సునామీయే ఇక్కడి హార్బర్‌నూ ధ్వంసం చేసింది. రెండు ఊళ్లకూ ప్రమాదం ఒకటే, సముద్రమూ ఒకటే.

హెచ్చరిక రాగానే ఎటు పరుగెత్తాలి, వెనక్కి ఎప్పుడు రావాలి అన్నది పుస్తకంలో చదవడం వేరు. ఇల్లు పోగొట్టుకున్న కుటుంబం ఇంట్లో కూర్చుని, వాళ్ల నోట వినడం వేరు. తర్వాతి సునామీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. కానీ అప్పుడు ఏం చేయాలో తెలిసిన పిల్లలు రెండు ఒడ్డుల్లోనూ ఉండాలి. ఈ రాకపోకలకు పెట్టే ఖర్చు అందుకే.