బరువెత్తే గుండె, పరుగెత్తే గుండె

2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి రెండు లిఫ్టుల్లో కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. బార్ పైకి లేచే క్షణంలో ఏ లిఫ్టరైనా ఊపిరి బిగబట్టాల్సిందే. మెడ నరాలు ఉబ్బుతాయి, ముఖం జేవురిస్తుంది. మనకు కనిపించేది అంతవరకే. లోపల గుండె పడే అవస్థ వేరు. 1985లో కెనడా పరిశోధకులు కాళ్లతో బరువులు తోస్తున్న బాడీబిల్డర్ల ధమనిలోకి సన్నని గొట్టం పంపి రక్తపోటు కొలిస్తే సగటున 320/250 తేలింది. ఒకరికైతే 480/350!

దూరం పరుగెత్తేవాళ్ల గుండెకు రక్తపోటు కన్నా తోడిపోతే పెద్ద పని. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి ఐదు లీటర్ల రక్తం తోడే గుండె, బాగా రాటుదేలిన రన్నర్‌లో 35 లీటర్ల దాకా తోడగలదు. ఏళ్ల సాధనతో దాని గది విశాలమవుతుంది. చేద పెద్దదైతే తోడే సార్లు తగ్గవూ? వాళ్ల నాడి విశ్రాంతిలో నిమిషానికి 40 సార్లే కొట్టుకోవడం అందుకే.

స్వీడన్ వైద్యుడు హెన్షెన్ ఈ సంగతిని 1899లోనే పసిగట్టాడు. స్కీయింగ్ పోటీదారుల ఛాతీని వేళ్లతో తట్టి, ఆ చప్పుడును బట్టే గుండె పెరిగిందన్నాడు. 1975లో అమెరికాలో మోర్గన్‌రోత్ బృందం అల్ట్రాసౌండ్‌తో చూసి, రన్నర్లలో గది పెద్దదవుతుందనీ, మల్లయోధుల్లో గోడ మందమవుతుందనీ తేల్చింది. గీత అంత సూటిగా లేదని తర్వాత తెలిసింది. పడవలు నడిపే రోయర్లకు రెండూ ఉంటాయి.

చిక్కంతా ఆ గోడ దగ్గరే. ఎడమ జఠరిక గోడ సాధారణంగా 12 మిల్లీమీటర్లు దాటదు. కొందరు ఆటగాళ్లకు 13 నుంచి 15 దాకా ఉంటుంది. వంశపారంపర్యంగా గోడ మందమయ్యే జబ్బులోనూ అంతే ఉండొచ్చు. 2003లో లియోన్ మైదానంలో కుప్పకూలి మరణించిన కామెరూన్ ఫుట్‌బాలర్ ఫోయేకు ఉన్నది ఆ జబ్బే. వయసు 28.

ఈసీజీ, ఎకో చూసి, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయారా అని అడిగాక కూడా అనుమానం తీరకపోతే, కొన్నిసార్లు డాక్టర్లు మూడు నెలలు ఆట మానిపిస్తారు. సాధనతో వచ్చిన మందమైతే తగ్గుతుంది. కానీ సెలక్షన్లు ముంగిట్లో ఉన్న పద్దెనిమిదేళ్ల కుర్రాడికి మూడు నెలలంటే మాటలా?

ఇటలీలో పోటీలకు దిగేవాళ్లకు 1982 నుంచి ఈసీజీ తప్పనిసరి. అక్కడి వెనెతో ప్రాంతంలో 2004 నాటికి యువ క్రీడాకారుల ఆకస్మిక మరణాలు 89 శాతం తగ్గాయి. అయినా జల్లెడలోంచి జారేవి ఉంటాయి. ఇటలీ లీగ్‌లో ఆడుతున్న డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్ 2021 జూన్ 12న కోపెన్‌హాగన్ మైదానంలో పడిపోయాడు. ఛాతీ నొక్కి, డీఫిబ్రిలేటర్‌తో షాకిచ్చి అక్కడికక్కడే బతికించారు. తర్వాత అతని ఒంట్లో షాకిచ్చే పరికరం అమర్చారు. అలాంటిది ఉన్నవాళ్లను ఇటలీ ఆడనివ్వదు. అందుకే అతను ఇంగ్లండ్ వెళ్లి, 259 రోజుల తర్వాత బ్రెంట్‌ఫోర్డ్ జెర్సీలో మళ్లీ మైదానంలోకి దిగాడు.