మన స్థలంలో వాళ్ల గోడ: కోర్టు ఖర్చు ఎవరిది?

మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో దళితులకిచ్చిన ఇంటి స్థలంలో ఎవరో గోడ లేపితే మొదట వినబడే మాట: "కోర్టుకెళితే ఉన్నదీ పోతుంది." కబ్జాదారు ధైర్యమంతా ఈ భయమే.

సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 35 ప్రకారం ఖర్చులు మామూలుగా ఓడినవారే భరించాలి. అలా ఇప్పించకపోతే జడ్జి కారణం రాయాలి. కానీ ఆ డబ్బు తీర్పు తర్వాతి మాట, లాయరుకు ఇచ్చినదంతా తిరిగి రాదు కూడా.

మరి ముందు పెట్టేదెవరు? 1987 న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 కింద ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును పెడతారు. కోర్టు ఫీజు కూడా అందులోనే. కుల ధ్రువీకరణ పత్రం, పట్టా కాపీతో అర్జీ పెట్టాలి, కేసులో పస కనబడాలి. 15100కు ఫోన్ చేసినా చాలు. ఓడితే మాత్రం ఎదుటివాళ్ల ఖర్చు మన మీద పడొచ్చు, ఇది దాచకూడదు.

ఎస్సీల స్థలాన్ని ఇతరులు కబ్జా చేయడం అట్రాసిటీ చట్టం సెక్షన్ 3 కింద నేరం కూడా. ఆ కేసు నడిపేది ప్రభుత్వమే, లాయరు ఫీజు మనది కాదు. ఇక గిద్దలూరు నుంచి ఒంగోలు వెళ్లి వస్తే ఒక రోజు కూలి పోయినట్టే. 1995 నిబంధనల్లో 11వది ప్రకారం బాధితులకు, సాక్షులకు ప్రయాణ ఖర్చు, కనీస వేతనానికి తగ్గని భత్యం ఇవ్వాలి. అడగనిదే ఎవరూ ఇవ్వరు. సమన్లు, బస్సు టికెట్లు దాచుకోండి.